‘అలవాటైపోతుందిలే’ అన్న మాటలో నిజం సగమే

ప్రశ్న: నా వయసు 63. ఒకరోజు పొద్దున లేచి చూసేసరికి నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాల్ వచ్చినప్పుడు కనబడే స్క్రీన్ మారిపోయింది. నేను ఏ అప్‌డేటూ చేయలేదు. ఇదివరకు వేలితో పైకి తోస్తే ఫోన్ ఎత్తేదాన్ని, ఇప్పుడు పక్కకి లాగాలట. నాకు చేతి వణుకు ఉంది, లాగబోతే మధ్యలోనే వేలు జారిపోతోంది, కాల్ పోతోంది. ఎవరెవరు ఫోన్ చేశారో చూసుకునే చోటు కూడా మార్చేశారు. మావారిది ఐఫోన్. ఆయనకి రెండు కళ్లలోనూ శుక్లాలు మొదలయ్యాయి, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. అప్‌డేట్ చేశాక ఆయన ఫోన్ అంతా గాజు వేసినట్టు తయారైంది, ఏ అక్షరమూ ఆనడం లేదు. మా అబ్బాయిని అడిగితే ‘కొన్నాళ్లకి అలవాటైపోతుందిలే అమ్మా’ అంటాడు. నెల దాటింది, కాలేదు. నాకేమైనా మతిమరుపు మొదలైందా అని భయంగా ఉంది. పాత స్క్రీన్ వెనక్కి తెచ్చుకోవచ్చా? ఇకమీదట అప్‌డేట్లు ఆపేస్తే పోతుందా? మాలాంటివాళ్లు చెబితే ఈ కంపెనీలు వింటాయా?
– విసిగిపోయిన ఒక పాఠకురాలు

జవాబు:

ముందు మీ భయం సంగతి తేల్చేద్దాం, మిగతావి తర్వాత. ఏళ్ల తరబడి ఒకే పని ఒకేలా చేస్తూ ఉంటే అది బుర్రలోంచి చేతిలోకి దిగిపోతుంది. ఫోన్ మోగగానే మీరు ఆలోచించి పైకి తోయడం లేదు, వేలే తోసేస్తోంది. స్క్రీన్ మారిందని మీకు తెలుసు, వేలికి ఇంకా తెలియదు, అంతే. పాతికేళ్ల కుర్రాళ్లు కూడా కొత్త స్క్రీన్ వచ్చిన మొదటి వారం ఇలాగే తడబడతారు, కాకపోతే వాళ్లు ‘ఈ యాప్ దండగ’ అని తిట్టి ఊరుకుంటారు, మీరు మిమ్మల్ని తిట్టుకుంటున్నారు. తెలిసిన దారి మర్చిపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, డబ్బు లెక్కలు తప్పడం లాంటివి కూడా ఉంటే డాక్టర్‌ని కలవండి. ఫోన్ ఎత్తేటప్పుడు మాత్రమే తడబడుతున్నారంటే అది మీ జ్ఞాపకశక్తి లోపం కాదు. అయినా ఏది ఎప్పుడు మారిందో, ఎవరికి ఏ ఇబ్బందో ఇంత వివరంగా ఉత్తరం రాసినావిడకి మతిమరుపేమిటండీ!

ఇక మీ అబ్బాయి అన్నమాట. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు, రెండు వేర్వేరు ఇబ్బందుల్ని ఒకే గాటన కట్టేశాడు. ఒకటి అలవాటు తప్పడం. రెండోది అడ్డంకి. కాల్ లిస్టు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయింది, అది అలవాటు సంగతి, ఇవాళ వెతుక్కుంటారు, రెండు మూడు వారాల్లో చెయ్యి దానంతట అదే అక్కడికి వెళ్తుంది. వణికే వేలితో ఒక బొమ్మని పట్టుకుని వదలకుండా పక్కకి లాగాలనడం అడ్డంకి. దానికి నెలైనా ఏడాదైనా ఒకటే, ఎందుకంటే మీకు అక్కడ తెలియంది ఏమీ లేదు. ఏం చేయాలో స్పష్టంగా తెలుసు, చెయ్యే సహకరించడం లేదు. మీవారి సంగతీ అంతే, శుక్లం ఉన్న కంటికి మసక గాజు మీద లేత అక్షరాలు చదవడం సాధనతో వచ్చే విద్య కాదు.

ఏది ఏదో తేల్చుకోవడానికి నేను చెప్పే పరీక్ష చాలా మామూలుది. తీరిగ్గా కూర్చోండి, మీ అబ్బాయినే ఫోన్ చేయమనండి, ఏది నొక్కాలో ఎటు లాగాలో ముందే చెప్పించుకోండి, తొందర పడకుండా ప్రయత్నించండి. అప్పుడు అయిందా, కొన్నాళ్లు ఓపిక పట్టండి చాలు. అప్పుడూ కాలేదా, ఇక ఓపిక పట్టి లాభం లేదు, సెట్టింగ్ మార్చాల్సిందే, ఆ సెట్టింగ్ లేకపోతే కంపెనీని అడగాల్సిందే. ఇంట్లో పిల్లలు ‘అలవాటవుతుందిలే’ అన్నప్పుడల్లా ఈ పరీక్ష వాళ్ల ఎదురుగా పెట్టండి. వాళ్లకి విసుగూ కాదు, నిర్లక్ష్యమూ కాదు, ఆ స్క్రీన్ మీకు ఎలా కనబడుతోందో, చేతికి ఎలా తగులుతోందో వాళ్లకి నిజంగానే తెలియదు.

సరే, మీ ఫోన్‌కి ఏం జరిగిందో చెబుతాను. మీరు అప్‌డేట్ చేయలేదన్నది నిజమే అయ్యుంటుంది. చాలా కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్స్ కోసం గూగుల్ వాళ్ల ఫోన్ యాప్ ఉంటుంది. 2025 ఆగస్టులో గూగుల్ దాన్ని మెటీరియల్ 3 ఎక్స్‌ప్రెసివ్ అనే తన కొత్త డిజైన్‌లోకి మార్చింది. ఈ యాప్ ఫోన్‌లోని అసలు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా ప్లే స్టోర్ ద్వారా దానంతట అదే మారుతుంది. పైగా కొన్ని మార్పులు యాప్‌లో ముందే వచ్చి కూర్చుంటాయి, గూగుల్ తన వైపు నుంచి స్విచ్ వేసినప్పుడు బయటపడతాయి, ఆ స్విచ్ కూడా అందరికీ ఒకేసారి వేయరు. అందుకే మీ ఫోన్ మారిన రోజే మీ స్నేహితురాలి ఫోన్ మారకపోవచ్చు, ఆవిడ ‘నాకేం మారలేదే’ అంటే మీకు మీ మీదే అనుమానం వస్తుంది. అప్పట్లో చాలామంది తమ ఫోన్ ఎవరో హ్యాక్ చేశారనుకుని కంగారుపడ్డారు. పడరా మరి? ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండా తలుపు గడియ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారితే ఎవరైనా దొంగ వచ్చాడనే అనుకుంటారు.

పైకి తోసేదాన్ని పక్కకి లాగేలా ఎందుకు మార్చారంటే, జేబులోంచి ఫోన్ తీసేటప్పుడు పొరపాటున కాల్ ఎత్తడమో కట్ అవడమో తగ్గుతుందని. కారణం సబబుగానే ఉంది, నేను కాదనను. కానీ జేబులోంచి తీసేవాళ్ల పొరపాటు తగ్గించబోయి చెయ్యి వణికేవాళ్ల పొరపాట్లు పెంచారు, పైగా మార్చేముందు ఒక్క మాట అడగలేదు. అడిగి, ‘పాత పద్ధతే ఉంచమంటారా?’ అని ఒక బటన్ పెట్టుంటే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

ఇప్పుడు మందు. ఫోన్ యాప్ తెరవండి, అందులోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి (పై మూలనో పక్కనో మూడు చుక్కలో, మూడు గీతలో కనిపిస్తాయి), అక్కడ ‘ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్’ అని ఒకటి ఉంటుంది. దాంట్లో రెండే ఎంపికలు: అడ్డంగా లాగడం, లేదా ఒక్కసారి నొక్కడం. రెండోది, ‘సింగిల్ ట్యాప్’ పెట్టుకోండి. అప్పుడు ఎత్తడానికొక బటన్, కట్ చేయడానికొక బటన్ విడివిడిగా వస్తాయి, లాగే పనే ఉండదు. వణుకు ఉన్న చేతికి లాగడం కంటే నొక్కడం చాలావరకు తేలిక, ఎందుకంటే లాగేటప్పుడు వేలు మొదటి నుంచి చివరి దాకా తెరను వదలకూడదు, నొక్కడానికి ఒక్క క్షణం ఆనితే చాలు. అయితే వణుకుతో పక్క బటన్ తగిలే ప్రమాదం ఉంది కాబట్టి మీ అబ్బాయి చేత కొన్నిసార్లు ఫోన్ చేయించుకుని, ఫోన్‌ని చేతిలో కాకుండా బల్ల మీద పెట్టి కూడా చూడండి. చాలామందికి ఏదైనా పట్టుకున్నప్పుడో, అందుకోబోయినప్పుడో వణుకు ఎక్కువవుతుంది, టెన్షన్ పడితే ఇంకా ఎక్కువవుతుంది. మోగుతున్న ఫోన్ ఈ రెండూ ఒకేసారి చేయిస్తుంది.

మీది శాంసంగ్ ఫోన్ అయితే ఇంకో మంచి దారి ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (చూపు, వినికిడి, చేతి ఇబ్బందులు ఉన్నవాళ్ల కోసం పెట్టిన విభాగం), అందులో ‘ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీ’, అక్కడ ‘ఆన్సరింగ్ అండ్ ఎండింగ్ కాల్స్’ అని ఉంటుంది. వాల్యూమ్ పెంచే బటన్ నొక్కితే కాల్ ఎత్తేలా పెట్టుకోవచ్చు. గట్టి బటన్, వేలికి తగిలిందని తెలుస్తుంది, గాజు మీద గురి చూడక్కర్లేదు. ‘ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీ’ పేజీలోనే వేలు కాసేపు ఆనితేనే నొక్కినట్టు లెక్కపెట్టమనీ, వెంటవెంటనే రెండోసారి తగిలితే పట్టించుకోవద్దనీ చెప్పే సెట్టింగులు కూడా ఉంటాయి, వణుకు ఉన్నవాళ్ల కోసం పెట్టినవే. మిగతా ఆండ్రాయిడ్లలో ‘పవర్ బటన్ ఎండ్స్ కాల్’ ఉంటుంది, ‘టచ్ అండ్ హోల్డ్ డిలే’ ఉంటుంది. ఇవి ఏ పేజీలో ఉన్నాయన్నది కంపెనీని బట్టీ వెర్షన్‌ని బట్టీ మారుతుంది, కాబట్టి సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో పేరు కొట్టడం సుఖం. ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నట్టయితే ఈ పేర్లు తెలుగులో కనిపిస్తాయి, కొన్ని అనువాదాలు చూస్తే ఇంగ్లిష్‌లోకి మార్చి వెతకడమే నయమనిపిస్తుంది, అది వేరే గోల.

పాతది వెనక్కి తెచ్చుకోవచ్చా అని అడిగారు. ఫోన్ యాప్ మటుకు ఒక దారి ఉంది: సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఫోన్, పైన మూడు చుక్కలు, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’. ఆ యాప్ ఫోన్ కొన్నప్పటి రూపానికి వెళ్తుంది. మళ్లీ రాత్రికి రాత్రి మారిపోకుండా ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి ‘ఎనేబుల్ ఆటో అప్‌డేట్’ టిక్ తీసేయాలి. చెప్పాల్సింది చెప్పాను, కానీ నా సలహా అయితే ఇది చివరి అస్త్రంలా ఉంచుకోండి. సింగిల్ ట్యాప్‌తో పని జరిగిపోతే, కేవలం కాల్ లిస్టు చోటు మారిందన్న దానికోసం లోపాలు సరిదిద్దని పాత యాప్‌తో బతకడం ఎందుకు?

ఒక్కటి మాత్రం చేయకండి. ‘పాత డయలర్’, ‘క్లాసిక్ కాల్ స్క్రీన్’ లాంటి పేర్లతో ఎవరివో తెలియని యాప్‌లు కనిపిస్తాయి, పెట్టుకోకండి. ఫోన్ చేసే యాప్ అంటే మీ కాంటాక్టులూ, ఎవరితో ఎప్పుడు మాట్లాడారో ఆ లెక్కంతా దాని చేతికి ఇచ్చినట్టే. అలాంటి యాప్ ఏదైనా ‘యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వండి’ అని అడిగిందంటే అసలే వద్దు. ఆ అనుమతి కంటిచూపు లేనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ లాంటి వాటి కోసం పెట్టింది. అది దొరికిన యాప్‌కి స్క్రీన్ మీద ఉన్నదంతా చదవడానికీ, మీ బదులు బటన్లు నొక్కడానికీ వీలవుతుంది, బ్యాంకు డబ్బు కొట్టేసే దొంగ యాప్‌లకి ఇదే ఇష్టమైన దారి. ‘మీ పాత స్క్రీన్ తెచ్చిపెడతాం’ అని ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి.

ఇప్పుడు మీవారి ఫోన్. నాకు మీ సమస్య కంటే ఆయనదే ఎక్కువ కోపం తెప్పించింది, ఎందుకంటే ఇక్కడ జేబు పొరపాట్లలాంటి సాకు కూడా లేదు, ఇది ప్రధానంగా అందం కోసం చేసిన మార్పు. 2025 జూన్‌లో యాపిల్ లిక్విడ్ గ్లాస్ అనే కొత్త రూపాన్ని ప్రకటించింది, సెప్టెంబర్‌లో ఐఓఎస్ 26 అనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌తో అది జనం ఫోన్లలోకి వచ్చింది. బటన్లు, మెనూలు, నోటిఫికేషన్లు అన్నీ గాజు ముక్కల్లా ఉంటాయి, వెనకనున్నది వాటిలోంచి కనబడుతూ, వంకరపోతూ, మెరుస్తూ ఉంటుంది. అడ్వర్టైజ్‌మెంట్‌లో చూడ్డానికి బాగుంటుంది.

శుక్లం ఉన్న కంటికి ఇది ఎందుకు కష్టమో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆయన్ని ‘అద్దాలు మార్పించుకోండి’ అనేవాళ్లు ఉంటారు. శుక్లం అంటే కంటిలోని లెన్స్ మసకబారడం. లోపలికొచ్చే వెలుతురు సూటిగా పోకుండా చెదిరిపోతుంది. దానివల్ల మొదట దెబ్బతినేది చాలాసార్లు అక్షరం చిన్నదా పెద్దదా అన్న తేడా కాదు, అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య తేడా పట్టే శక్తి. కంటి పరీక్షలో తెల్లటి బోర్డు మీద నల్లటి అక్షరాలు చదివిస్తారు, అవి ఆయన చదివేసి ఉండొచ్చు, ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారంటే చదివే ఉంటారు. అదే మనిషికి బూడిదరంగు మీద ఇంకాస్త లేత బూడిదరంగు అక్షరం పెడితే కనబడదు. కొత్త అద్దాలు చెదిరిన వెలుతుర్ని సరిచేయలేవు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘బోర్డు చదవగలను, ఫోన్ చదవలేకపోతున్నాను’ అని ఆ మాటే చెప్పమనండి, ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్నది రోజువారీ పనులకి ఎంత ఇబ్బందవుతోందన్న దాన్ని బట్టి కూడా నిర్ణయిస్తారు.

ఈ తేడాకి ఒక లెక్క ఉంది. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ త్రీ సీ అనే సంస్థ 2008లోనే చెప్పింది, మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుతురు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని, పెద్ద అక్షరాలకైతే 3:1 చాలని. తెలుపు మీద నలుపు 21:1, అంతకు మించి ఉండదు. వెబ్‌పేజీల కోసం రాసిన నియమాలే అయినా యాప్‌లకీ వీటినే కొలబద్దగా వాడతారు. గాజు డిజైన్‌తో అసలు చిక్కు ఏమిటంటే అక్కడ వెనక రంగు అంటూ స్థిరంగా ఒకటి ఉండదు. నల్లటి వాల్‌పేపర్ మీద బ్రహ్మాండంగా కనబడిన అక్షరం, పూలతోట ఫోటో మీద మాయమవుతుంది, పేజీ కిందకి జరిపితే మళ్లీ తేలుతుంది. కొలిచి పాస్ అయిందనడానికి ఏ క్షణంలో కొలవాలి?

పరిష్కారం మాత్రం ఉంది, ఆయన ఫోన్ సగానికి పైగా బాగుపడుతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో ‘డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్’కి వెళ్లి ‘రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ’ ఆన్ చేయండి, గాజు చాలాచోట్ల వెనకది అంతగా కనబడని పలకగా మారుతుంది. పక్కనే ఉన్న ‘ఇంక్రీజ్ కాంట్రాస్ట్’ కూడా ఆన్ చేయండి, ‘బోల్డ్ టెక్స్ట్’ కూడా. తర్వాత యాక్సెసిబిలిటీలోనే ‘మోషన్’లో ‘రెడ్యూస్ మోషన్’ పెడితే ఆ సాగడాలూ ఊగడాలూ తగ్గుతాయి, తల తిరిగినట్టుండేవాళ్లకి ఇది పెద్ద ఉపశమనం. ఆయన ఫోన్‌లో 26.1 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే ‘డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్’లో లిక్విడ్ గ్లాస్ అని ఒక వరస కనబడుతుంది, అక్కడ ‘టింటెడ్’ ఎంచుకోండి. ఇవన్నీ చేశాక వాల్‌పేపర్ తీసేసి ఒకే రంగు, ముదురు రంగు, పెట్టండి. మనవల ఫోటో తీసేయమంటే ఒప్పుకోరేమో, లాక్ స్క్రీన్ మీద ఉంచి ఐకాన్ల వెనక మాత్రం సాదా రంగు పెట్టొచ్చు, రెండూ వేర్వేరుగా పెట్టుకోనిస్తుంది. డార్క్ మోడ్ కూడా ఒకసారి చూడమనండి. శుక్లం ఉన్నవాళ్లలో కొందరికి తెల్లటి తెర వెలుగు కళ్లలో కొట్టినట్టుంటుంది, నల్లటి తెర హాయిగా ఉంటుంది, ఇంకొందరికి నలుపు మీద తెల్ల అక్షరాల చుట్టూ వెలుగు అలుక్కుపోతుంది. ఇది ఆయన కన్నే చెప్పాలి, మీ అబ్బాయి చెప్పలేడు.

ఆయనకీ కాల్ లిస్టు చోటు మారి ఉంటుంది. విచిత్రం చూడండి, ఒకే ఏడాది ఈ రెండు కంపెనీలకీ ఫేవరెట్స్‌నీ రీసెంట్స్‌నీ కలిపి ఒకే పేజీలో పోయాలన్న ఆలోచన వచ్చింది. ఐఫోన్‌లో అయితే వెనక్కి వెళ్లే దారి పెట్టారు: ఫోన్ యాప్‌లో కాల్స్ పేజీ పైమూలన ఫిల్టర్ గుర్తు నొక్కితే ‘క్లాసిక్’ అని ఉంటుంది. సఫారీలో (ఐఫోన్‌లో వెబ్‌పేజీలు చూసే యాప్) బటన్లు మాయమయ్యాయని అంటే, సెట్టింగ్స్‌లో యాప్స్, సఫారీ, ట్యాబ్స్ దగ్గర ‘బాటమ్’ ఎంచుకోండి.

ఈ పనులన్నీ ఒకేరోజు చేయకండి. ఒకటి మార్చి రెండు రోజులు వాడి, బాగుంటే ఉంచి, తర్వాతది మార్చండి, లేకపోతే ఏది మేలు చేసిందో ఏది కొత్త తలనొప్పి తెచ్చిందో తెలియదు. మార్చినవన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే తర్వాతి అప్‌డేట్‌లో ఏదైనా తారుమారైతే వెతుక్కోవడం తప్పుతుంది.

అప్‌డేట్లు ఆపేయమంటారా అంటే, వద్దు. మీ బాధ నాకు అర్థమైంది, కానీ అదే అప్‌డేట్‌లో దొంగలు దూరే కంతలు పూడ్చే పని కూడా ఉంటుంది, రూపం నచ్చలేదని దాన్నీ వదులుకుంటే బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌కి మంచిది కాదు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి ఇవ్వడమే అసలు అన్యాయం, ‘భద్రత కావాలంటే మా కొత్త అలంకారం కూడా భరించండి’ అన్నట్టు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ వేరేగా, పెద్ద వెర్షన్ అప్‌డేట్ వేరేగా వస్తాయి, అలాంటప్పుడు ప్యాచ్ వెంటనే వేసుకుని పెద్దదాన్ని ఒకటి రెండు నెలలు ఆగి వేసుకోవచ్చు. ఆలోపు మొదటి తప్పులు కొన్ని సర్దుకుంటాయి, మీవారి ఫోన్‌లో ఆ ‘టింటెడ్’ ఎంపిక కూడా సెప్టెంబర్‌లో లేదు, నవంబర్‌లో వచ్చింది. ఒకసారి పెద్ద అప్‌డేట్ వేసుకున్నాక మాత్రం వెనక్కి రావడం దాదాపు జరగని పని. యాపిల్ కొత్తది విడుదల చేసిన కొన్నాళ్లకే పాతదాన్ని ఎక్కించుకునే వీలు మూసేస్తుంది, ఆండ్రాయిడ్‌లో కుదిరినచోట కూడా ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేయాల్సి వస్తుంది.

కంపెనీలు వింటాయా? తిడితే వినవు, చాలామంది ఒకే ఇబ్బందిని స్పష్టంగా చెబితే వింటాయి. 2012లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేసింది, జనం గోల పెట్టారు, మరుసటి ఏడాది 8.1లో బటన్ తిరిగొచ్చింది. 2013లో యాపిల్ ఐఓఎస్ 7తో కదిలే బొమ్మలు, జూమ్ అయ్యే యాప్‌లు తెచ్చినప్పుడు తల తిరుగుతోందని, వాంతి వచ్చినట్టుందని ఎంతోమంది ఫిర్యాదు చేశారు, కొన్ని వారాల్లోనే 7.0.3లో రెడ్యూస్ మోషన్‌ని ఆ జూమ్‌కి కూడా వర్తించేలా మార్చింది. మీవారి కోసం ఇందాక చెప్పిన సెట్టింగ్ అదే. గమనించారా, ఎక్కడా పూర్తిగా పాతదానికి వెళ్లలేదు, ఒక ఎంపిక ఇచ్చారు. అందుకే ‘పాతదే కావాలి’ అని అడిగితే పని జరగదు. ‘ఫలానా పని నేను చేయలేకపోతున్నాను, ఫలానా ఎంపిక ఇవ్వండి’ అని అడగాలి. మీ వైపు వాదన కూడా గట్టిది: అదే డబ్ల్యూ త్రీ సీ నియమాల 2023 వెర్షన్‌లో, లాగడం తప్పనిసరైన చోట తప్ప, లాగితే జరిగే పనిని లాగకుండా నొక్కి కూడా చేయగలిగేలా ఉండాలని ఉంది. గూగుల్ ఆ ఎంపిక ఇచ్చింది, కాదనను. సెట్టింగుల్లో ఎక్కడో దాచి, మీకు చెప్పకుండా ఇచ్చింది.

ఫోన్ యాప్‌లో సెట్టింగ్స్ దగ్గరే ‘హెల్ప్ అండ్ ఫీడ్‌బ్యాక్’ ఉంటుంది, యాపిల్‌కైతే ఫీడ్‌బ్యాక్ కోసం సొంత వెబ్ పేజీ ఉంది, యాక్సెసిబిలిటీ ప్రశ్నలకి విడిగా ఒక సపోర్ట్ విభాగమే ఉంది, అక్కడ మనుషులతో మాట్లాడొచ్చు. యాప్ స్టోర్‌లో ఒక స్టార్ ఇచ్చి ‘చెత్త’ అని రాయడం కంటే ఇవి నయం. మీరు రాయాల్సింది నాలుగు ముక్కలే, ఇలా: ‘నాకు చేతి వణుకు ఉంది. 2025లో మార్చిన కాల్ స్క్రీన్‌లో అడ్డంగా లాగడం నాకు సాధ్యం కావడం లేదు, కాల్స్ పోతున్నాయి. సింగిల్ ట్యాప్ ఎంపిక ఉందని నాకు ఎవరో చెబితే తెలిసింది. స్క్రీన్ మార్చినప్పుడే ఆ ఎంపిక చూపించండి, రెండు బటన్ల మధ్య దూరం పెంచుకునే వీలు ఇవ్వండి.’ మీవారి తరఫున ఇంకొకటి వేరుగా పంపండి, రెండూ కలిపేయకండి. కింద ఫోన్ మోడల్, వెర్షన్ నంబర్ రాయండి, ఆండ్రాయిడ్‌లో ‘అబౌట్ ఫోన్’లో, ఐఫోన్‌లో ‘జనరల్’ కింద ‘అబౌట్’లో ఉంటాయి. స్క్రీన్‌షాట్ పెడితే మరీ మంచిది, పంపేముందు అందులో కనబడే పేర్లూ నంబర్లూ మీ అబ్బాయి చేత చెరిపించండి.